రంది పట్టిన షుగర్ పేషెంటుకు 14416 ఎంతవరకు ఆసరా?

నల్లగొండ, పాలమూరు దిక్కు "రంది" అని ఒక మాట ఉంది. దిగులు అంటే సరిపోదు, డిప్రెషన్ అంటే దవాఖాన మాట అయిపోతుంది. "రందితోనే సగమైండు" అంటారు చూడండి, అది. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్‌తో ఒంగిన నడుములు, ఏళ్ల తరబడి విడవని జబ్బు ఏదైనా దాని పక్కనే రంది కూర్చుని ఉంటుంది. నెల గోలీలు తీసుకునే రోజు బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. రంది చూసే మిషన్ లేదు, లైన్‌లో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ పని చేయడానికి ఉన్న ఫోన్ సేవే టెలిమానస్. నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పెద్దదిక్కుగా నడుస్తోంది. రాత్రీ పగలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఫోన్ కలవగానే భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకోవాలి. మొదట మాట్లాడేది కౌన్సెలర్. అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గరి దవాఖానకు పొమ్మంటారు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి దాని కోసం హైదరాబాద్ బస్సు ఎక్కే పని లేదు. మొదటి ఫోన్‌లోనే గోలీ పేరు చెప్తారనుకుంటే మాత్రం నిరాశే. అది వినడానికి, దారి చూపడానికి ఉన్న సేవ.

అసలు షుగరుకూ రందికీ ఏం లింకు? భయం, దిగులు ఎక్కువైతే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. తిండి అదే, గోలీ అదే, షుగర్ మాత్రం దిగదు. ఇది ఒక దారి. రెండోది ఇంకా మామూలుది, నష్టం మాత్రం పెద్దది: రంది ఉన్న మనిషి పొద్దున గోలీ మర్చిపోతాడు, నడక మానేస్తాడు, "ఏం చేసినా ఇంతే" అని పరీక్షకే పోడు. డాక్టరేమో గోలీ పనిచేయట్లేదని డోసు పెంచుతాడు. వేసుకోని గోలీ డోసు పెంచితే ఏం లాభం?

ఫోన్ చేసే ముందు ఒక పని తప్పనిసరి. గుండె దడ, చెమట, చేతులు వణకడం, ఏదో అయిపోతోందన్న గాబరా, ఇవన్నీ రంది లక్షణాలే. షుగర్ పడిపోయినా సరిగ్గా ఇవే వస్తాయి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ గోలీలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు ముందు గ్లూకోమీటర్‌తో వేలు గుచ్చి చూడాలి. 70 కన్నా తక్కువుంటే ఫోన్ పక్కన పెట్టి 3 టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తాగాలి. మిషన్ లేకపోతే షుగర్ పడిందనే అనుకుని చక్కెర తాగడమే మేలు. మనిషి తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108 పిలవాలి. ఫోన్‌లో ఉన్న కౌన్సెలర్‌కు మీ చెమట కనపడదు. ఈ సేవకున్న పెద్ద లోటు ఇదే, అది ఎవరి తప్పూ కాదు.

అట్లాగే నెలలుగా నీరసం, నిద్ర లేమి, ఆకలి లేకపోవడం ఉంటే అదంతా మనసు మీదికే తోసెయ్యకూడదు. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ మందగించినా, కిడ్నీ దెబ్బతిన్నా ఇట్లాగే ఉంటుంది. హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ రిపోర్టులు చేతిలో ఉంటే మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

ఇక ఏం చెప్పాలి? "మనసు బాగలేదు" అని ఆగిపోతే అవతలివాళ్లు పది ప్రశ్నలు అడగాల్సి వస్తుంది. డాక్టర్లు వాడే రెండు ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులు గడిచాయి? దిగులుగా, ఆశ లేకుండా ఎన్ని రోజులు? అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం కన్నా ఎక్కువ రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 లేదా ఆపైన వస్తే ఆ లెక్కే ఫోన్‌లో చెప్పండి. దాంతోపాటు జబ్బు ఎన్నేళ్లుగా ఉంది, ఏ గోలీలు ఎన్ని పూటలు, వారంలో ఎన్నిసార్లు తప్పాయి, ఇవి చెప్పండి. గోలీ రంగు చెప్తే లాభం లేదు, అట్ట మీది పేరు చదవాలి. చదువు రానివాళ్లు మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుంటారు గానీ, పిల్లల ముందు చెప్పలేని మాటలుంటాయి. పేర్లు కాగితం మీద రాయించుకుని, వాళ్లను పంపించి, అప్పుడు చేయడం నయం.

తర్వాత గోలీల దగ్గర జరిగే పొరపాటు. అరికాళ్ల మంటలకు, తిమ్మిర్లకు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల గోలీ రాస్తారు. మందుల షాపులో "ఇది మెంటల్ గోలీ" అన్న ఒక్క మాటకు అది చెత్తబుట్టలో పడుతుంది. అంత చిన్న డోసు నరాల నొప్పి కోసం. దిగులుకు ఇచ్చే మందులైతే పని చూపడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, వారానికే పనిచేయలేదని ఆపితే ఏం తేలదు. బాగైందని ఒక్కసారిగా ఆపినా కళ్లు తిరగడం, గాబరా మళ్లీ వస్తాయి.

దేవుడి ముచ్చట మాత్రం మీరే ఎత్తాలి. అవతలివాళ్లు అడిగినా అడగకపోయినా, "పోయిన జన్మ పాపం", "ఎవరో చేసిండ్రు" అన్న అనుమానం లోపలుంటే చెప్పెయ్యండి, ఎందుకంటే దాని ప్రభావం జబ్బు మీద పడుతుంది. భక్తి అంతా ఒకటి కాదు. దేవుడు తోడున్నాడనుకునేవాళ్లకు జబ్బును ఓర్చుకోవడం తేలికవుతుంది, దేవుడు శిక్షిస్తున్నాడని కుమిలేవాళ్లకు రంది పెరుగుతుంది. 2001లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, దవాఖానలో చేరిన పెద్ద వయసువాళ్లలో దేవుడు తమను విడిచిపెట్టాడని బాధపడ్డవాళ్లకు తర్వాతి రెండేళ్లలో చావు ముప్పు ఎక్కువగా కనిపించింది. అలాగని మన కోసం వేరేవాళ్లు మొక్కితే జబ్బు పోతుందని కాదు. గుండె బైపాస్ పేషెంట్ల మీద 2006లో అదీ పరీక్షించారు, లాభం కనపడలేదు.

మన దగ్గర యాదగిరిగుట్ట నరసింహస్వామిని వైద్యుడంటారు. జబ్బు మనుషులు 40 రోజులు గుట్ట మీదే ఉండి ప్రదక్షిణలు చేస్తారు. అమావాస్యకు చెర్వుగట్టు రామలింగేశ్వరుడి గుడికి పోతారు, జాన్‌పహాడ్ దర్గాకూ పోతారు. ఇది మానుకోమనడం మూర్ఖత్వం. వేళకు లేవడం, రోజూ నడవడం, తనలాంటి మనుషుల మధ్య ఉండడం, ఇవి ఏ కౌన్సెలరైనా చెప్పేవే. చెడేది వేరే దగ్గర. స్పర్శ తగ్గిన పాదాలతో ఎండకు కాలిన బండల మీద నడిస్తే బొబ్బ లేచినా తెలియదు, తెలిసేసరికి పుండు. తెల్లవారుజామున, కుదిరితే కాటన్ సాక్సులతో నడవాలి, రాత్రి అద్దంలో అరికాళ్లు చూసుకోవాలి. ఒక్కపొద్దు ఉంటే గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ గోలీలు, ఇన్సులిన్ ఎట్లా తగ్గించాలో ముందే డాక్టరును అడగాలి. రంజాన్ రోజాకూ ఇదే మాట. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. మొక్కుకని గోలీలన్నీ ఆపేసి పోవడం మాత్రం అన్నింటికన్నా చెడ్డ పని.

ఈ 14416 సేవకు మార్కులేస్తే 5కు మూడున్నర. రాత్రి రెండింటికి నిద్ర పట్టని మనిషికి తెలుగులో పలికే గొంతు, ఖర్చు లేకుండా. అదొక్కటే మూడు మార్కులు. మిగతాది తగ్గింది ఎందుకంటే రంది ఒక్క ఫోన్‌కు పోదు, మళ్లీ ఎప్పుడు చేయాలో మీరే రోజు పెట్టుకుని, కాగితం మీద రాసుకుని పట్టుబట్టి చేయాలి. రంది పట్టిన మనిషికి కరువయ్యేదే ఆ పట్టుదల, కాబట్టి ఇంట్లో ఒకరు గుర్తుచేయాలి.

"బతికి ఏం లాభం" అన్న మాట నోటివెంట వస్తే రోజు చూసుకోవద్దు, అప్పుడే చేయండి. ఫోన్ మాట్లాడుతున్నప్పుడే ఇంకొకరు పత్తి చేనుకు తెచ్చిన మందు డబ్బాలు ఇంట్లోంచి బయటికి పంపాలి. ఇన్సులిన్, గోలీల సంచి వేరేవాళ్ల చేతిలో ఉండి, ఏ పూటవి ఆ పూటే ఇవ్వాలి. మనిషిని ఒంటరిగా వదలొద్దు.