మాగ్నటైట్ పుట్టుక తేల్చే ఐసోటోపుల జంట: చాలాకాలం వాడాక సమీక్ష

స్వీడన్‌లోని కిరునా, చిలీలోని ఎల్ లాకో లాంటి చోట్ల మాగ్నటైట్ (నల్లటి ఇనుప ఖనిజం) నేరుగా శిలాద్రవం నుంచి గట్టిపడిందా, వేడినీళ్లు మోసుకొచ్చి పేర్చాయా అన్నది పాత తగవు. దాన్ని తేల్చడానికి ఇనుము, ఆక్సిజన్ ఐసోటోపులను (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులను) ఒకే నమూనాలో కొలిచే పద్ధతి బాగానే పనిచేస్తుంది. మా మార్కులు ఐదుకి నాలుగు. ఒక్క ఆక్సిజనే కొలిచి తీర్పు చెప్పేవాళ్లకైతే రెండే.

సగం పని నమూనా తయారీలోనే ఉంది. రాయిని దంచి, 125–250 మైక్రాన్ల రేణువులు జల్లించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతంతో నీళ్లలోనే ఏరాలి. పొడిగా ఏరితే మాగ్నటైట్ గుంపుల మధ్య క్వార్ట్జ్, అపటైట్ ఇరుక్కుని వస్తాయి. వాటిలో ఇనుము దాదాపు ఉండదు కాబట్టి ఇనుము విలువ (బరువు, తేలిక ఐసోటోపుల నిష్పత్తి ప్రమాణానికి వెయ్యికి ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె) చెడదు. ఆక్సిజన్ విలువ మాత్రం పైకి జరుగుతుంది. పింగాణీ పలక మీద గీస్తే నల్లటి గీత రావాలి. ఎర్రగా వచ్చిందంటే మాగ్నటైట్ హెమటైట్‌గా మారిపోయినట్టే, ఆ ముక్క పక్కన పెట్టండి.

ఇనుముకు ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఆరబెట్టి, 6 మోలార్ ఆమ్లంలోకి తీసుకుని యానయాన్ రెజిన్ (రుణావేశ అయాన్లను పట్టుకునే గుళికలు) నింపిన గొట్టంలో పోస్తే ఇనుము పసుపు పట్టీలా పైనే ఆగుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మాగ్నటైట్‌లో మూడో వంతు ఇనుము ఫెర్రస్ రూపంలో ఉంటుంది, అది రెజిన్‌కు అంటుకోకుండా కిందికి జారిపోతుంది. అందుకే దాన్ని అంటుకునే ఫెర్రిక్ రూపంలోకి మార్చడానికి ముందే చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయాలి. చివర్లో పలుచని ఆమ్లంతో దించుకున్న ఇనుము పోసినంతా తిరిగి రావాలి. కొంత తగ్గినా గొట్టమే ఐసోటోపులను విడదీసి, లేని తేడా పుట్టిస్తుంది.

ఐసోటోపులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మల్టీ కలెక్టర్ యంత్రంలో ఆర్గాన్–ఆక్సిజన్ అయాన్ ఇనుము-56 మీద, ఆర్గాన్–నైట్రోజన్ ఇనుము-54 మీద వచ్చి కూర్చుంటాయి. అవి ఇనుము కంటే రవ్వంత బరువు కాబట్టి, హై రిజల్యూషన్‌లో పీక్‌కు తేలికవైపున్న చదును మీద కొలవాలి. నమూనాకు అటూ ఇటూ ఐఆర్ఎంఎం-014 ప్రమాణాన్ని (ఐసోటోపుల నిష్పత్తి ముందే తెలిసిన ఇనుము) నడపాలి, రెండింటి గాఢతా దగ్గరగా ఉండాలి. ఇనుము-57 విలువను ఇనుము-56 విలువతో భాగిస్తే సుమారు 1.47 రాకపోతే ఆ రోజు కొలతలు చెల్లవు.

ఆక్సిజన్‌కు లేజర్ ఫ్లోరినేషన్, అంటే లేజర్‌తో వేడిచేసి ఫ్లోరిన్ సమ్మేళనంతో ఆక్సిజన్‌ను వాయువుగా విడిపించడం. 2 మిల్లీగ్రాముల మాగ్నటైట్‌కు 17 మైక్రోమోల్‌ల ఆక్సిజన్ వాయువు రావాలి. మెత్తటి పొడి లేజర్ తగలగానే ఎగిరిపోతుంది, అప్పుడు దిగుబడి తగ్గుతుంది. ప్రమాణంగా వాడే యూడబ్ల్యూజీ-2 గార్నెట్ 5.8 పర్ మిల్ (వెయ్యికి 5.8) చూపించేదాకా నమూనా ముట్టుకోవద్దు.

2019లో భూగర్భ శాస్త్రవేత్త వాలెంటిన్ ట్రోల్ బృందం స్వీడన్, చిలీ, ఇరాన్ నమూనాలతో గీసిన పటంలో శిలాద్రవపు పెట్టె (శిలాద్రవం నుంచి పుట్టిన మాగ్నటైట్ విలువలు పడే పరిధి) ఇనుముకు సుమారు 0.06–0.49, ఆక్సిజన్‌కు 1–4 పర్ మిల్. మేం ఒక మార్కు కోసింది ఇక్కడే: శిలాద్రవం నుంచి వెలువడే, 800 డిగ్రీలు దాటిన వేడి ద్రవాల్లోంచి పుట్టిన మాగ్నటైట్ కూడా అదే పెట్టెలో పడుతుంది. చల్లటి ద్రవాలను ఈ పద్ధతి తేలిగ్గా పట్టిస్తుంది కానీ, ఈ రెండింటినీ విడదీయదు. అందుకు స్ఫటికాల్లో టైటానియం, వనేడియం లాంటి సూక్ష్మమూలకాలు చూడాల్సిందే.

విశాఖ వచ్చే బైలదిల్లా ఖనిజాన్ని మాత్రం ఈ పెట్టెతో కొలవకండి. అది సముద్రంలో పేరుకున్న పట్టీల ఇనుపరాయి నుంచి వచ్చిన హెమటైట్.