రెడీమేడ్ బిల్లింగ్ సోర్స్ కోడ్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు కనెక్షన్ ఫైల్ చూడండి

నేను డెమో చూసి పడిపోయి, అలాంటి కోడ్ ఒకటి కొనేశాను. స్క్రీన్లు ముచ్చటగా ఉన్నాయి, రిపోర్టులు టకటకా వచ్చాయి. లోపల కోడ్ డేటాబేస్‌తో ఎలా మాట్లాడుతోందో డెమోలో కనబడదు కదా!

మొదటి దెబ్బ ఇన్‌స్టాల్ చేసిన రోజే తగిలింది. కోడంతా పీహెచ్‌పీలో (వెబ్ ప్రోగ్రాములు రాసే భాష) డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ తరహా ఫంక్షన్లే. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే వాటిని తీసేశారు. అమ్మినాయన్ని అడిగితే "పీహెచ్‌పీ 5.6 వేసుకోండి, నడుస్తుంది" అన్నాడు. ఆ వెర్షన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 చివరితో ఆగిపోయాయి. కొన్న పాపానికి నెట్ లేని ఒక పాత సిస్టంలో వేసి చూశాను.

కస్టమర్‌ని వెతికే బాక్సులో డి'సౌజా అని కొట్టాను. స్క్రీన్ నిండా 1064 నంబరు సింటాక్స్ ఎర్రర్, అంటే ఆదేశం రాతలో తప్పు. ఫైల్ తెరిస్తే విషయం అర్థమైంది. మనం టైప్ చేసిన పేరుని తెచ్చి నేరుగా సెలెక్ట్ క్వెరీలో (డేటాబేస్‌ని వివరాలు అడిగే ఆదేశం) అతికించేస్తున్నారు. పేరులో ఉన్న కోట్ దగ్గరే పేరు అయిపోయిందనుకుని, మిగతా ముక్కని డేటాబేస్ తనకిచ్చిన ఆదేశంలా చదువుతోంది. దాంతో లాగిన్ పేజీకి వెళ్లి యూజర్ పేరు దగ్గర ఒక కోట్, దాని పక్కన ఎప్పుడూ నిజమయ్యే 1=1 షరతు, చివర కామెంట్ గుర్తు (దాని తర్వాతది డేటాబేస్ పట్టించుకోదు) పెట్టాను. పాస్‌వర్డ్ లేకుండా అడ్మిన్‌గా లోపలికి వెళ్లిపోయాను! నా ఇంటి తాళం నేనే గుండుసూదితో తీసినట్టయింది.

కనెక్షన్ ఫైల్లో, అంటే డేటాబేస్‌లోకి ఏ యూజర్, ఏ పాస్‌వర్డ్‌తో వెళ్లాలో రాసుండే ఫైల్లో, యూజర్ రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా), పాస్‌వర్డ్ ఖాళీ. అంటే అలా దూరినవాడికి ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ అప్పగించినట్టే. ఇంకోటి, అక్షరాలు దాచే పద్ధతి కనెక్షన్‌కి యూటీఎఫ్8 (తెలుగు పడుతుంది), టేబుళ్లకేమో లాటిన్1 (తెలుగు పట్టదు). తెలుగులో పేరు సేవ్ చేస్తే వరసగా ప్రశ్న గుర్తులు. అలా మారిన పేరు ఇక వెనక్కి రాదు, మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే.

కొనేముందు కనెక్షన్ ఫైల్, ఏదో ఒక సెర్చ్ పేజీ కోడ్ చూపించమనండి. క్వెరీలో విలువ ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తో, కోలన్‌తో మొదలయ్యే పేరో ఉండి, కింద ప్రిపేర్, ఎగ్జిక్యూట్ కనిపించాలి. అప్పుడు మనం టైప్ చేసినదాన్ని డేటాబేస్ ఆదేశంలా చదవదు. అలా కాక క్వెరీలో చుక్క (.) గుర్తులతో వేరియబుల్స్ (టైప్ చేసిన విలువలు ఉండే పేర్లు) అతికించి ఉంటే వదిలేయండి. చూపించనంటే మరీ మంచిది, టైం కలిసొస్తుంది.

డబ్బు వెనక్కివ్వమంటే "ఇన్నాళ్లూ ఎవరూ కంప్లైంట్ చేయలేదండీ" అన్నాడు. ఇప్పుడు మొత్తం పీడీఓలోకి (ప్రిపేర్, ఎగ్జిక్యూట్ వాడనిచ్చే పీహెచ్‌పీ పద్ధతి) మార్చుకుంటూ కూర్చున్నాను. లాగిన్, సెర్చ్ అయ్యాయి. రిపోర్టులు ఇంకా ముట్టుకోలేదు.