పంచాయతీగానే ఉంటే మేలా, మున్సిపాలిటీలో కలిస్తే మేలా?

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. 2025 జనవరిలో మహబూబ్‌నగర్ మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. దివిటిపల్లి, జైనల్లీపూర్ అందులో కలిశాయి. ఏనుగొండ, అప్పన్నపల్లి, ఎదిర అంతకుముందే పట్నంలో భాగమైపోయాయి. ఇక తర్వాతి వంతు ఎవరిదని మిగతా ఊళ్లు లెక్కలేసుకుంటున్నాయి. నల్లగొండ చుట్టూ ఉన్న ఊళ్లలోనూ ఇదే ముచ్చట.

హోటల్ దగ్గర కూర్చుంటే రెండే మాటలు వినిపిస్తాయి. ఒకాయన "కలిస్తే ప్లాట్లకు రేటొస్తది" అంటాడు, ఇంకొకాయన "కలిస్తే ట్యాక్సులతోటే చస్తం" అంటాడు. రెండిట్లోనూ కొంత నిజముంది, కానీ ఊళ్లో సగం మందికి ఈ రెండూ పట్టవు. వాళ్లకు ప్లాట్లూ లేవు, ట్యాక్సు కట్టేంత పెద్ద ఇళ్లూ లేవు. వాళ్లకు పోయేది వేరే ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

మన ముందున్నవి నిజానికి మూడు దారులు. పంచాయతీగానే ఉండిపోవడం, పక్కనున్న పెద్ద పట్నంలో కలవడం, లేదా నాలుగైదు ఊళ్లు కలిసి కొత్తగా చిన్న మున్సిపాలిటీ కావడం. నా లెక్కలో మూడోది అన్నిటికన్నా అధ్వానం. మొదటి రెంటిలో ఏది మేలనేది ఊరు ఏం పని చేసి బతుకుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. పట్నం ఎంత దూరమన్నది ఆ తర్వాతి సంగతి.

కరువు పనితో మొదలుపెడతాను. కాగితం మీద ఉపాధి హామీ అన్నా, మన దగ్గర ఇప్పటికీ అది కరువు పనే. ఈ పని పల్లెలకే. ఊరు మున్సిపాలిటీలో కలిసిన నాటి నుంచి జాబ్ కార్డు ఉత్త కాగితమే. 2025-26లో తెలంగాణలో రోజు కూలి 307 రూపాయలు. నూరు రోజులకు లెక్కేస్తే ఇంటికి 30,700. చేతికి అంత రాదు, నిజమే. కొలతల్లో తెగ్గోస్తారు, నూరు రోజులు నిండే ఇళ్లు తక్కువ, పైసలు పడేసరికి నెలలు గడుస్తాయి. పొద్దున పనికాడ ఒకసారి, మళ్లీ ఒకసారి ఫోన్‌లో ఫొటో దిగాలి. సిగ్నల్ లేకపోతే ఆ రోజు హాజరు గోవిందా. ఇన్ని తిప్పలున్నా ఎండాకాలం పొలం పనులు లేని రోజుల్లో ఇంట్లోకి పైస వచ్చేది ఈ పని నుంచే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం రోజులను 125కు పెంచింది, ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన పెట్టింది. అదీ గ్రామీణ ప్రాంతాలకే.

కలిస్తే పట్నంలో ఇంతకన్నా ఎక్కువ కూలి దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది, కానీ ఎవరికి? కూలీ అడ్డా మీద మేస్త్రీ వచ్చి ముందు గట్టిగా ఉన్న మగపిల్లలను ఎంచుకుంటాడు, తర్వాత వయసులో ఉన్న ఆడవాళ్లను. యాభై అయిదేళ్ల అవ్వ తట్ట పట్టుకుని పది గంటల దాకా నిలబడి ఆటో కిరాయి కూడా నష్టపోయి ఇంటికి వస్తుంది. అదే అవ్వ ఊళ్లో కాలువ పూడిక తీసే పనిలో పది మందితో కలిసి తన వంతు తట్టలు మోసేది, ఆమెను వద్దని ఎవరూ అనలేదు. వలసలకు పేరుపడ్డ పాలమూరులో ఈ తేడా చిన్నది కాదు.

దీని వెనకే ఇంకో దెబ్బ ఉంది. భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇస్తామని 2025 జనవరిలో ప్రభుత్వం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టింది. 2023-24లో కనీసం ఇరవై రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నది షరతు. అంటే మున్సిపాలిటీలో ఉన్న కూలీకి తొవ్వే లేదు. ఈ సంగతి అదే నెలలో హైకోర్టు దాకా పోయింది. మున్సిపాలిటీల్లోని కూలీల విషయమూ చూడమని కోర్టు సర్కారుకు చెప్పింది. ఊరి పేరు ముందు "వార్డు" అని రాసినంత మాత్రాన కూలి చేసుకునేవాళ్లకు ఎకరాలు పుట్టుకు రావు కదా.

ఇప్పుడు ట్యాక్సు. ఇక్కడ భయం ఎక్కువ, విషయం తక్కువ. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇంటి పన్ను ఏడాదికి 100 రూపాయలే. పంచాయతీలోనూ అంతకు మరీ తక్కువేమీ కట్టడం లేదు. దెబ్బ తగిలేది రెండంతస్తులు లేపి కింద షటర్లు అద్దెకిచ్చిన వాళ్లకు, ఖాళీ ప్లాట్లు కొని పెట్టుకున్న వాళ్లకు. బాకీ పడితే నెలకు 2 శాతం చొప్పున పెరుగుతుంది. పంచాయతీలో లాగా "ఈసారి వదిలెయ్ కారోబారూ, పంటలొచ్చినాక చూద్దాం" అంటే నడవదు. ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తారు.

ఇంటి పర్మిషన్ విషయంలో మాత్రం మున్సిపాలిటీదే పైచేయి, ఇందులో రెండో మాట లేదు. 2020 నవంబరులో టీఎస్-బీపాస్ పేరుతో వచ్చిన ఆన్‌లైన్ పర్మిషన్ పద్ధతిలో 75 గజాల లోపైతే పర్మిషనే అక్కరలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా సొంత ధ్రువీకరణ మీద వెంటనే వస్తుంది. బ్యాంకు లోను కోసం ఆ కాగితం ఎంత అక్కరకొస్తుందో ఇల్లు కట్టినవాళ్లను అడగండి. పంచాయతీ సంతకంతో కట్టిన ఇంటికి లోను అడిగితే మేనేజరు ముఖంలో వచ్చే మార్పు చాలామందికి తెలుసు.

పైసల దగ్గరికొస్తే పంచాయతీ పరిస్థితి ఏమీ గొప్పగా లేదు. 2018 చట్టం తర్వాత ప్రతి ఊరికీ ట్రాక్టరు, ట్యాంకరు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక), నర్సరీ అన్నీ వచ్చాయి. వాటితో పాటు ట్రాక్టరు కిస్తీ, డీజిలు, కరెంటు బిల్లు, అయిదు వందల జనాభాకు ఒకరి చొప్పున మల్టీపర్పస్ వర్కర్ల జీతాలు కూడా వచ్చాయి. ఇవన్నీ పోగా చిన్న ఊరికి మిగిలేది దుమ్మే. 2026 మార్చి దాకా లెక్కగట్టిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలన్నది షరతు. అదీ 2024 ఫిబ్రవరి నుంచి పాలకవర్గాలు లేక ఆగిపోయింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. నడుమ దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పేరు మీద కార్యదర్శులే అప్పో సప్పో చేసి బ్లీచింగ్ పౌడరు కొన్నారు. చేతి నుంచి పెట్టి సీసీ రోడ్లు వేసిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

మరి పట్నంలో పైసలు లేవా అంటే, ఉంటాయి, కానీ ముందు ఎటు పోతాయన్నది అసలు ప్రశ్న. కలిసిన ఊరు ఎప్పుడూ చివరి డివిజనే. బస్టాండ్ ముందు రోడ్డుకు మూడోసారి తారు పడుతుంది, కలిసిన ఊళ్లో మోరీకి మొదటిసారి టెండరు పడదు. వీధిదీపం సంగతే తీసుకోండి. పంచాయతీలో బల్బు పోతే సర్పంచు ఇంటి ముందు నిలబడి అరిస్తే సాయంత్రానికి వర్కరు నిచ్చెనేసుకుని వస్తాడు. మున్సిపాలిటీలో అదే బల్బుకు ఫిర్యాదు నంబరు, ఎలక్ట్రికల్ సెక్షన్, కాంట్రాక్టరు, ఆయన దగ్గర స్టాకు, ఆయన బిల్లు పాసయిందా లేదా అనే పెద్ద కథ ఉంది. అయితే న్యాయంగా చెప్పాలంటే, సర్పంచు వ్యతిరేక గ్రూపు వాళ్ల గల్లీలో బల్బు అయిదేళ్లూ వెలగని ఊళ్లూ ఉన్నాయి. అలాంటి గల్లీవాళ్లకు ఫిర్యాదు నంబరే దేవుడు.

నీళ్ల విషయంలో కాగితం మీద తేడా ఉంది. మిషన్ భగీరథలో మనిషికి రోజుకు పల్లెలకు 100 లీటర్లు, మున్సిపాలిటీలకు 135, కార్పొరేషన్లకు 150 అని లెక్క. ఫ్లోరైడు నీళ్లతో వంకర్లు తిరిగిన ఎముకలను చూసిన నల్లగొండ జిల్లాలో నీళ్ల గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడరు. కానీ పల్లెలోనైనా పట్నంలోనైనా నల్లాలో వచ్చేది ఆ కృష్ణా నీళ్లే. ముప్పై అయిదో యాభయ్యో లీటర్ల కోసం ఊరు పేరు మార్చుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

అధికారం మాటకొస్తే పంచాయతీకే నా ఓటు, అందులోనూ తండాలకు. 2018లో అయిదు వందల జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలయ్యాయి. అప్పటిదాకా పెద్ద ఊరి సర్పంచు గడప ముందు నిలబడ్డవాళ్లు తమ కార్యదర్శిని తమ తండాలోనే కూర్చోబెట్టుకున్నారు. పూర్తిగా గిరిజనులే ఉన్న పంచాయతీలో సర్పంచు పదవి గిరిజనులకే. అలాంటి తండా పట్నంలో కలిస్తే నాలుగు కాలనీలతో కలిపి గీసిన డివిజన్‌లో ఒక మూల అవుతుంది. రిజర్వేషను ఎటు తిరిగితే అటు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. మొక్కుబడిగా జరిపినా అందులో నిలబడి లెక్క అడగొచ్చు. మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలున్నాయి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో చెప్పండి చూద్దాం.

మహిళా సంఘాల సంగతి మగవాళ్ల చర్చల్లో రానే రాదు. పల్లెలో సంఘాలు ఐకేపీ (పల్లెల్లో పేదరిక నిర్మూలన పథకం) కింద ఉంటాయి, కలిస్తే పట్నాల్లో అదే పని చూసే మెప్మాకు మారాలి. వడ్ల కొనుగోలు కేంద్రం నడిపి కమీషన్ సంపాదించే సంఘానికి ఆ ఆదాయం ఉంటుందో లేదోనన్న బెంగ. ఇటు రైతులకు ఉన్న భయం మాత్రం అనవసరం. ఊరు పట్నంలో కలిసినంత మాత్రాన సాగు భూమి పాస్‌బుక్కు ఎక్కడికీ పోదు.

ఇక కొత్త మున్సిపాలిటీలు. 2018 ఆగస్టులో సర్పంచుల గడువు ముగియగానే రాష్ట్రమంతా ఒక్క దెబ్బకు పదుల సంఖ్యలో పుట్టాయి. మన వైపు భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు, మక్తల్, కోస్గి, అటు చిట్యాల, హాలియా. హైవే మీద ఫ్యాక్టరీలున్న చిట్యాల, పశువుల సంత నడిచే పెబ్బేరు లాంటివాటికి సొంతంగా నిలబడే ఆధారం కొంత ఉంది. బోర్డు తప్ప ఏదీ మారని చోట మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అయింది. కరువు పని పోయింది, పన్నులిచ్చే వ్యాపారం రాలేదు. కమిషనర్ వచ్చాడు, ఆయన కింద ఖాళీ కుర్చీలు వచ్చాయి. బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు పెట్టాలన్న నిబంధన ఉంది, మిగతా 90 శాతం జీతాలకు, కరెంటుకు సరిపోతే అదే పండుగ. పెద్ద పట్నంలో కలిస్తే కనీసం దాని ఆదాయంలో వాటా కోసం కొట్లాడొచ్చు. ఇక్కడ కొట్లాడటానికి ఎదుట ఎవరూ లేరు.

కాబట్టి నేనైతే ఇలా విడదీస్తాను. దివిటిపల్లి లాంటి చోట ఐటీ టవర్ వచ్చింది, బ్యాటరీ ఫ్యాక్టరీ వచ్చింది. ఇళ్లు పట్నం ఇళ్లకు ఆనుకున్నాయి, ఊరి పిల్లలు నెల జీతాలకు అలవాటు పడుతున్నారు. అలాంటి ఊరు పంచాయతీగా ఉంటే మోరీలు, రోడ్లు, అపార్ట్‌మెంట్ల పర్మిషన్లు ఒక కార్యదర్శి, ఒక ట్రాక్టరు మోయలేవు. కలవడమే నయం. అదే హన్వాడ వైపు, దేవరకద్ర వైపు సగానికి పైగా ఇళ్లు సేద్యం మీద, కూలి మీద నడిచే ఊళ్లు మాత్రం తొందరపడొద్దు. వెంచర్ వాళ్లు తొందరపెడతారు, అది వాళ్ల వ్యాపారం. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) పెరుగుతుందని ఆశపడే టీచర్లు కూడా లోపల్లోపల సంతోషిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం గానీ వాళ్ల లెక్క ఊరి లెక్క కాదు.

చిక్కేమిటంటే ఈ నిర్ణయం ఊరి చేతిలో లేదు. అసెంబ్లీలో పంచాయతీరాజ్ చట్టం షెడ్యూల్‌లోంచి ఊరి పేరు తీసేస్తే పనైపోతుంది. గ్రామసభ వద్దని తీర్మానించినా ఆగుతుందన్న గ్యారంటీ లేదు. అయినా తీర్మానం చేయాల్సిందే, అదీ వట్టి "వ్యతిరేకిస్తున్నాం" అని కాకుండా. ఎన్ని జాబ్ కార్డులున్నాయి, పోయిన ఏడాది ఎంత కూలి వచ్చింది, 75 గజాలు దాటిన ఇళ్లెన్ని, ఎన్ని సంఘాలకు బ్యాంకు అప్పు నడుస్తోంది, ఇవన్నీ అంకెలతో రాసి కలెక్టరుకు, ఎమ్మెల్యేకు ఇవ్వాలి. ఎలాగూ కలపక తప్పదంటే రెండు విషయాలు ముందే రాయించుకోవాలి. ఒకటి, ఎండాకాలం పనులు అయ్యాకే, అంటే జూన్ దాటాకే కలపాలి, నడి ఏప్రిల్‌లో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఆపితే కూలీల ఇళ్లు గడవవు. రెండోది, పంచాయతీ చేసిన పనుల పాత బిల్లులు ఎవరు కట్టాలన్నది. ఊరు కలిశాక ఆ ఫైలు మాది కాదంటే మాది కాదని రెండు ఆఫీసులూ ఒకరి మీదికి ఒకరు నెడతాయి.