కోనసీమకు అద్దె కారు అక్కర్లేదు

కోనసీమ చూడబోయేవారికి ముందుగా చెప్పదలచిన మాట ఒకటే: రాజమహేంద్రవరంలో రైలు దిగి అద్దె కారు మాట్లాడుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో విడి జిల్లాగా ఏర్పడిన ఈ సీమకు అమలాపురం కేంద్రమే అయినా అక్కడికి రైలు లేదు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా తలపెట్టిన రైలుమార్గం ఏళ్ల తరబడి పూర్తి కాకపోవడంతో దూరం నుంచి వచ్చేవారు కార్లవారి చేతుల్లో పడుతున్నారు.

మాకు రోజుకు 3,800 రూపాయలనీ, డీజిలూ డ్రైవరు బత్తా అందులోనే అనీ ఫోనులో ఖాయం చేశారు. అయినవిల్లి వినాయకుణ్ణి, అప్పనపల్లి బాలబాలాజీని, అంతర్వేది నరసింహస్వామిని దర్శించుకునే వరకు ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులనూ వాహనాలనూ నది దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటితే అవతలి ఒడ్డే నర్సాపురం. మా కళ్లెదుటే రెండు కార్లు పంటు మీదికి ఎక్కుతున్నా, "ఓనరు ఒప్పుకోరండీ" అంటూ డ్రైవరు కారు వెనక్కి తిప్పి, రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటించి, పాలకొల్లు చుట్టి తీసుకువెళ్లాడు. మోకాళ్ల నొప్పులతో కాళ్లు చాపుకునే వీలు లేక మా అత్తయ్యగారు దారి పొడవునా బాధపడ్డారు. దిగాక లెక్క చూస్తే, కారు ఖాళీగా తిరిగి వెళ్లే దూరం కూడా కలిపి, రోజు అద్దె 3,800కు తోడు, 200 కిలోమీటర్ల పరిమితి దాటిన 56 కిలోమీటర్లకు 14 రూపాయల చొప్పున 784, బత్తా 400, మొత్తం 4,984 రూపాయలు. ఫోనులో మాట ఇచ్చిన మనిషి ఆ తరువాత ఫోను ఎత్తనేలేదు.

తరువాతిసారి అదే దారిని బస్సులో చుట్టాం. రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరి, ఆ రాత్రి 1,400 రూపాయల ఏసీ గదిలో ఉండి, పొద్దున్నే రాజోలు వెళ్లి అక్కడ అంతర్వేది బస్సు పట్టుకున్నాం. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, ఆధార్ చూపిన అత్తయ్యగారికీ మా ఆవిడకూ ఖర్చే లేదు.

ఇక పంటు ప్రయాణం నన్ను నిజంగా ముగ్ధుణ్ణి చేసింది. ఇనుప పలకల మీద మోటారు సైకిళ్లు హ్యాండిలుకు హ్యాండిలు ఆనించి నిలిపారు. వాటి మధ్య కొబ్బరికాయల బస్తాలు, చేపల బుట్టలు. టిక్కెట్లిచ్చే కుర్రాడు, మేము అడగకుండానే, "కూర్చోండి మామ్మగారూ" అని తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అత్తయ్యగారికి వేశాడు. నది మధ్యకు చేరేసరికి ఆవిడ నొప్పుల ఊసే మరచి, సముద్రం ఎటువైపని అతణ్ణి అడుగుతున్నారు. మనిషికి తీసుకున్నది 20 రూపాయలు.

గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు ఆపేస్తారు కాబట్టి వర్షాకాలంలో వెళ్లేవారు రేవులో ముందే కనుక్కోవాలి. భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది స్వామివారి రథోత్సవానికి వెళ్తే రద్దీకి సిద్ధపడాలి. కాకినాడ వైపు నుంచి వచ్చేవారికి యానాం–ఎదుర్లంక వారధే దగ్గరి దారి. హైదరాబాదు వెళ్లవలసినవారు మళ్లీ రాజమహేంద్రవరం పరుగెత్తనక్కరలేదు. పంటు దిగి ఆటో ఎక్కితే నర్సాపురం స్టేషన్, రైలు అక్కడి నుంచే బయలుదేరుతుంది కాబట్టి సామాను సర్దుకుని స్థిమితంగా కూర్చోవచ్చు.