జీవన్ ప్రమాణ్ ఫేస్ స్కాన్: మొహం పాసయింది, అకౌంట్ నంబరే ఫెయిలయింది

జీవన్ ప్రమాణ్ యాప్ ఎలా ఎక్కించుకోవాలి, ఏ బటన్ నొక్కాలి అనేవి నేను రాయనండి, వాటికి బోలెడు వీడియోలున్నాయి. నేను చెప్పేది ఒక్క ఫీచర్ గురించి, ఫోన్ కెమెరాకి మొహం చూపించి లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనరు బతికే ఉన్నారని ఏటా చూపించాల్సిన రుజువు) ఇచ్చే పద్ధతి గురించి. 2021 నవంబర్లో వచ్చింది ఇది, ఆ మరుసటేడు నుంచీ వాడుతున్నాను, ఎక్కువగా డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లోంచే. నాది ఫ్యామిలీ పెన్షను, అంటే మావారి తర్వాత నాకొచ్చేది, ఆయన సెంట్రల్ గవర్నమెంట్లో చేసి రిటైరయ్యారు, డబ్బు నరసాపురం బ్రాంచిలో పడుతుంది.

నాకు ఇదంటే ఎందుకంత అభిమానమో ముందు చెప్పాలి. నా వేళ్ళకి ముద్రలు లేవు. అంటే ఉన్నాయి గానీ మిషన్‌కి కనపడవు. చిన్నప్పట్నుంచీ లేసు అల్లడం వల్లో, బూడిదతో అంట్లు తోమడం వల్లో, ఉట్టి వయసు వల్లో, ఏదైతేనేం అరిగిపోయాయి. ఈ సర్టిఫికెట్‌కి వేలిముద్ర వెయ్యడానికి వెళ్తే ప్రతి నవంబరూ నెట్ సెంటర్లో ఇదే గోల, అమ్మా తడి తుడుచుకోండి, అమ్మా ఓసారి జుట్టుకి రాసి పెట్టండి, అమ్మా బొటనవేలు వద్దు ఉంగరం వేలు పెట్టండి, వెనకాల క్యూలో ఉన్నాళ్ళు గొణుక్కోవడం, ఆఖరికి ఆ కుర్రాడు అవట్లేదండి బ్యాంకుకే వెళ్ళిపోండి అనడం. ఎదురుగా కుర్చీలో కూర్చుని ఊపిరి పీలుస్తున్న మనిషిని పట్టుకుని మ్యాచ్ అవలేదు అని ఎర్రక్షరాలతో చూపిస్తుంటే ఒళ్ళు మండేది నాకు. అవమానంగా కూడా ఉండేది, దాచడం దేనికి.

అలాంటిది మొదటిసారి ఫోన్లో చేసినప్పుడు నేను నిజంగా నమ్మలేదు. ముందు ఆపరేటర్ అని ఒకళ్ళ మొహం అడుగుతుంది, తర్వాత పెన్షనర్ మొహం. ఆపరేటర్ అంటే ఎవరో ఆఫీసరు కావాలేమో అని కంగారు పడ్డాం గానీ అక్కర్లేదు, మనకి మనమే ఆపరేటర్ అవ్వొచ్చు. అంచేత ఆపరేటర్నీ నేనే, పెన్షనర్నీ నేనే, రెండుసార్లు కళ్ళు ఆర్పాలి అంతే. వెనక కిటికీలోంచి ఎండ పడుతుంటే ఒప్పుకోదు, కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చుంటే మొహం చుట్టూ ఉన్న గీత ఆకుపచ్చగా అయిపోతుంది, ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్ నంబరు, వచ్చేస్తుంది. ఆధార్‌తో మొహం సరిచూసే ఆధార్ ఫేస్ ఆర్డీ అని ఇంకో యాప్ కూడా ఎక్కించుకోవాలి కదా, అది ఫోన్లో ఎక్కడా తెరుచుకోదు, వెతక్కండి, వెనకాల ఉండి దాని పని అది చేసుకుంటుంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అని కూడా ఒక ప్రశ్న ఉంటుంది, ఫ్యామిలీ పెన్షన్ వాళ్ళు దానికి జవాబు ఇచ్చి తీరాలి. డెబ్భై దాటాక ఈ ప్రశ్న ఏంటని మా కోడలు ఏటేటా పడీపడీ నవ్వుతుంది, లేదు అని నొక్కడం మాత్రం ఆ అమ్మాయి పనే.

ఐదు నిమిషాల పని. ఊళ్ళో మా వదినకి పోస్ట్‌మేన్ ఇంటికే వచ్చి చేసి 70 రూపాయలు తీసుకుంటాడు, అదీ మంచిదే, కానీ పోస్ట్‌మేన్ టెక్సాస్ రాడు కదా.

ఇక అసలు కథ. నాకు గ్రీన్ కార్డు వచ్చాక మావాడు రూల్ ప్రకారం నా సేవింగ్స్ ఖాతా ఎన్ఆర్ఓ (బయట దేశంలో ఉండేవాళ్ళు ఇండియాలో వచ్చే డబ్బుకి ఉంచుకునే ఖాతా) చేయించాలన్నాడు. నిజమే, బయట దేశంలో స్థిరపడితే మామూలు ఖాతా ఉంచుకోకూడదు. పెన్షన్ ఎన్ఆర్ఓలో పడటానికి ఇబ్బందేమీ లేదు. కాగితాలన్నీ పంపాం, మా బ్యాంకు వాళ్ళు పాత ఖాతా మూసేసి కొత్త నంబరుతో ఎన్ఆర్ఓ ఇచ్చారు, పెన్షన్ కూడా కొత్తదాంట్లోనే పడటం మొదలైంది, అంతా బాగుంది అనుకున్నాం. నవంబరు రాగానే అలవాటు ప్రకారం మొహం చూపించాను, పాస్‌బుక్కులో ఉన్న కొత్త నంబరే కొట్టాం, పచ్చ గీత, ఐడీ, మెసేజీ, అన్నీ వచ్చాయి. డిసెంబరు ఆఖర్న పడాల్సిన పెన్షన్ పడలేదు.

మొదట ఆలస్యమేమో అనుకున్నాం. తర్వాత మావాడు ఆ ఐడీ పెట్టి సైట్లో చూస్తే రిజెక్టెడ్ అని ఉంది. నా మొహం నేనే అని ఒప్పుకున్నాక ఇంక కాదనేదెవరండీ? బ్రాంచికి ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా మనకి రాత్రి వాళ్ళకి పగలు, ఆ సెక్షను ఆవిడ సీట్లో లేరు అంటారు. మా తమ్ముడు సఖినేటిపల్లి అవతల ఉంటాడు, పాపం వాడు మోటారుసైకిలు పంటు మీద ఎక్కించుకుని మాధవాయిపాలెం రేవు దాటి నరసాపురం వెళ్తే, సంక్రాంతి ముందు కదా, సగం కుర్చీలు ఖాళీ. పండగ మూడు రోజులూ మా వైపు కోడిపందాల గొడవ తప్ప ఇంకో మాట వినపడదని మీకు తెలుసుగా. కనుమ అయ్యాక మళ్ళీ వెళ్తే, ఇవన్నీ మాకు తెలీదండీ, ఆవిడ విదేశంలో ఉన్నారు కాబట్టి కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ తెప్పించండి అన్నార్ట.

కాగితం సంగతి వినండి. బయట దేశంలో ఉన్నవాళ్ళకి నోటరీ గానీ, బ్యాంకు ఆఫీసరు గానీ, ఇండియన్ కాన్సులేటు వాళ్ళు గానీ సంతకం పెడితే చెల్లుతుందని రూలు. సరే అని ఇక్కడ నోటరీ దగ్గరికి వెళ్తే ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, మీరు నా ఎదురుగా సంతకం చేశారని రాస్తాను గానీ మీరు బతికున్నారని నేను రాయకూడదు అన్నాడు. వాళ్ళ చట్టం అంతేట, తప్పు పట్టలేం. హ్యూస్టన్ కాన్సులేటుకి కార్లో నాలుగ్గంటలు, పిల్లాడికి సెలవుండాలి. కాన్సులేట్ల వాళ్ళు నవంబర్లో ఇందుకోసం క్యాంపులు పెడుతుంటారు గానీ మాకు అవసరం పడింది జనవరిలో.

దీన్ని విప్పింది ఆ బ్రాంచిలోనే కొత్తగా చేరిన ఒక అమ్మాయి. మా తమ్ముడు చెప్పేది పూర్తిగా విని, కంప్యూటర్లో ఏదో చూసి, మా బ్యాంకులో పెన్షన్లన్నీ చూసే పెన్షన్ సెంటరు రికార్డులో ఇంకా పాత నంబరే ఉందండీ, డబ్బు మాత్రం లింకు వేసి కొత్తదాంట్లోకి పంపుతున్నారు, అందుకే ఈ సర్టిఫికెట్ కలవట్లేదు, పాత నంబరు కొట్టి మళ్ళీ తియ్యమనండి అందట. మూసేసిన ఖాతా నంబరు కొట్టాలి! మావాడు ససేమిరా అన్నాడు, అబద్ధం డిక్లరేషన్ అవుతుందేమో అని. రిజెక్టయితే మళ్ళీ కొత్త ఐడీ తీసుకోవాలనే ఆ సైట్లోనూ ఉంది కదా, ఆ అమ్మాయి చెప్పినట్టే చేద్దాం అని నేనే పట్టుబట్టి మళ్ళీ కిటికీ ముందు కూర్చున్నాను. ఈసారి తీసుకున్నారు. ఆగిన పెన్షన్ బకాయితో సహా పడింది. ఆ అమ్మాయికి మా తమ్ముడితో పూతరేకులు పంపించాను, తీసుకోనందిట గానీ పక్క సీటాయన తీసుకున్నాట్ట.

అంచేత పైన ఐదు నిమిషాలన్నాను చూశారూ, అది మొహం వరకే. ఐడీ వచ్చింది కదా అని నిద్రపోకూడదు, కొన్నాళ్ళాగి యాక్సెప్టెడ్ అని ఉందో లేదో చూసుకోవాలి. నేనిప్పుడు అక్టోబర్లోనే తమ్ముణ్ణి పంపి పెన్షన్ సెంటరు దగ్గర ఏ నంబరుందో కనుక్కుంటున్నాను. రికార్డు సరిచెయ్యమని అర్జీ ఇచ్చాం, ఇంకా తిరుగుతోంది ఎక్కడో. 80 దాటినవాళ్ళకి అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు కాబట్టి వాళ్ళు ఈ వాకబు సెప్టెంబర్లో పెట్టుకోవడం మంచిది.

ఓటీపీ సంగతి కూడా ఉంది. ఇండియా సిమ్ బతికి ఉండాలి. ప్రీపెయిడ్ అయితే 90 రోజులు ఏ వాడకం లేకపోతే కంపెనీవాళ్ళు నంబరు తీసేయొచ్చు, బాలెన్సు 20 రూపాయలుంటే ఆగుతుందంటారు గానీ నేను దాన్ని నమ్ముకోకుండా రీఛార్జి చేయిస్తాను, పాత శాంసంగ్ ఫోన్లో రోమింగ్ పెట్టి ఛార్జరుకి తగిలించి ఉంచుతాం. ఎన్ఆర్ఓలో డిపాజిట్ వడ్డీ మీద 30 శాతం పన్ను, సెస్సుతో 31.2, ముందే కోసేస్తారు, పన్ను కోయొద్దని పెద్దవాళ్ళు బ్యాంకుకిచ్చే ఫారం ఇవ్వడానికి మనకి ఇంక లేదు. ఆడిటరు రిటర్ను వేసి కొంత వెనక్కి తెప్పిస్తాడు. దీని మీద నాకున్న కోపం వేరే, అది ఈ యాప్ తప్పు కాదు.

ఐదుకి ఎన్నిస్తారు అంటే, నా వేళ్ళ కోసం ఐదూ ఇచ్చేస్తాను. కానీ నాకు పక్కన కూర్చుని నంబర్లు కొట్టే కొడుకూ కోడలూ ఉన్నారు, రేవు దాటి వెళ్ళే తమ్ముడున్నాడు. ఇద్దరే ముసలాళ్ళు ఏ న్యూజెర్సీలోనో ఉంటే, ఖాతా ఈ మధ్యే మారి ఉంటే, ఆ ఒక్క ఏడాదికీ నవంబరు కాన్సులేటు క్యాంపులో కాగితం కూడా చేయించి దగ్గర పెట్టుకోమంటాను. స్టేట్ గవర్నమెంట్ పెన్షన్ ట్రెజరీ ద్వారా వచ్చేవాళ్ళకి నెలలూ పద్ధతీ వేరు, వాళ్ళు నా మాట పట్టుకోకుండా వాళ్ళ ట్రెజరీ ఆఫీసులోనే అడగండి.