కొట్టు గదిలోని పాత ఎరువులు: నాలుగేళ్లు వాడాక

ముందు పొటాష్ సంగతి. మా కొట్టు గదిలో 2017 నుంచి పడి ఉన్న ఎర్ర పొటాష్ బస్తాని 2021 తొలకరికి విప్పాను. ఏడాదికి రెండు దఫాలుగా అయిదు కొబ్బరి చెట్లకీ, రెండు అరటి దుబ్బులకీ వేసుకుంటూ వచ్చాను. 2024 సెప్టెంబరులో బస్తా అడుగు దులిపాను. మొదటి గుప్పెడుకీ చివరి గుప్పెడుకీ తేడా లేదు. ఇంట్లో ఇంకే వస్తువునైనా ఇన్నేళ్లు మూలన పడేసి చూడండి. బియ్యానికి పురుగు పడుతుంది, సిమెంటు రాయైపోతుంది. ఈ పొటాష్ మాత్రం నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పొలం కౌలుకిచ్చేశాక, అంతకు ముందు మావయ్యగారు కొన్న ఎరువులు అలాగే ఉండిపోయాయి. పొటాష్ ఒక బస్తా, యూరియా ఒక బస్తా, డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు) సగం పైన, సూపర్ అని మేం పిలిచే సూపర్ ఫాస్ఫేట్ కొంచెం, వేప పిండి ఒక గోతాం. ఆయన పోయాక గది సర్దుతుంటే మా వారు, "ఇవన్నీ ఎక్స్‌పైరీ అయిపోయుంటాయి, కాలవలో పోసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అసలే కాలవ నిండా గుర్రపుడెక్క, దానికి ఇంత బలం పోస్తే నీళ్లే కనపడవు. పైగా మావయ్యగారు డబ్బు పెట్టి కొన్నవి. పారేయడానికి నాకు చెయ్యి రాలేదు.

పొటాష్ అనేది భూమిలోంచి తవ్వి తీసే ఉప్పు. అందులో కుళ్లేది, ఆవిరై పోయేది ఏమీ లేదు. నేను విప్పేసరికి బస్తా మొత్తం పెద్ద బెల్లం దిమ్మలా బిగిసిపోయి ఉంది. గునపం వెనక్కి తిప్పి నాలుగు దెబ్బలు వేస్తే పలుకులు పలుకులుగా విడిపోయింది. 2022లో కొత్త బస్తా 1,700 రూపాయల దగ్గరికి వెళ్లినప్పుడు, చేతిలో ఉన్నదాని విలువ ఇంకా బాగా తెలిసొచ్చింది.

ఇక యూరియా.

ఆ బస్తా మీద తేదీ చెరిగిపోయింది. కానీ 50 కిలోలు అని ఉంది. 2018 నుంచి యూరియా 45 కిలోల బస్తాల్లో వస్తోంది కాబట్టి అది అంతకు ముందుదని తెలిసిపోయింది. కింద చెక్కలు లేకుండా మట్టి నేల మీదే నిలబెట్టేశారు. నేలకి ఆనిన భాగం తడిగా, ముక్కు మండించే ఘాటు వాసనతో ఉంది. పైభాగం తెల్లటి బండ. గాలిలో తేమ 75 శాతం చేరితే చాలు, యూరియా ఆ తేమని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మా వైపు వానాకాలం పొద్దున పూట ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంటే ఇది ఆగుతుందా. ఆ ఘాటు వాసన అమ్మోనియా. అంటే మట్టి, తడి తగిలిన చోట నత్రజని గాలిలోకి పోతోందన్న మాట.

పైనున్న బండని పగలగొడితే నిమ్మకాయంత ముక్కలు వచ్చాయి. వాటిని పొడి చేసే ఓపిక ఆ రోజు నాకు లేదు. ముక్కగా ఉంటే నెమ్మదిగా కరుగుతుంది, మొక్క కొంచెం కొంచెంగా తీసుకుంటుంది, అదీ మంచిదే కదా అనుకున్నాను. అత్తయ్యగారు కడియం నర్సరీ నుంచి తెచ్చి నాటుకున్న మల్లె దుబ్బుకి తూర్పు పక్కన రెండు ముక్కలు పెట్టి పైన మట్టి కప్పాను. ఆ రాత్రి జల్లు పడింది. మంచిదే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున అత్తయ్యగారు పూల సజ్జతో దొడ్లోకి వెళ్లి, వెంటనే కేకేశారు. "అమ్మాయ్, ఇటు రా. మల్లెకి ఎవరో నిప్పు చూపించినట్టుంది చూడు." ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగి లోపలికి ముడుచుకుపోయాయి. అదీ తూర్పు వైపు కొమ్మలకే. పడమటి వైపు పచ్చగా ఉంది. మట్టి తీసి చూస్తే ఒక్కో ముక్కా ఉసిరికాయంత మిగిలి, జారుడుగా ఉంది. దాని చుట్టూ బెత్తెడు మేర వేళ్లు టీ డికాక్షన్ రంగులోకి మారిపోయాయి. ఒక వేరు పట్టుకుని లాగితే పైతోలు నా వేళ్లకి అంటుకుని వచ్చేసింది, లోపల సన్నటి దారం మిగిలింది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముక్కలు తీసేసి, నాలుగు రోజుల పాటు పూటకి పది బిందెలు పోశాను. తూర్పు సగం బతకలేదు. నెల తిరక్కుండానే నరికేయాల్సి వచ్చింది.

తర్వాత అలాంటి ముక్కనే వంటింటి కాటాలో వేస్తే 42 గ్రాములు తూగింది. గుళిక యూరియా తలకొట్టిన టీ చెంచాడు 4 గ్రాములు. అంటే నేను ఒకే చోట ఇరవై చెంచాల యూరియా పాతిపెట్టానన్న మాట. పాత ఎరువుకి బలం తగ్గిపోయి ఉంటుందేమో, కొంచెం ఎక్కువ వేద్దాం అని మనకి సహజంగా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. యూరియా పైభాగం బలం ఏమీ తగ్గలేదు. నాకు కొలత తప్పింది. గుళికలుగా ఉన్నప్పుడు గుప్పెడు, చెంచా అని చేతికి తెలుస్తుంది. గడ్డకట్టాక ఆ లెక్క చెల్లదు. దంచిన పొడి చెంచాలో ఇంకా దట్టంగా కూర్చుంటుంది. తడిసిన దాంట్లో ఎంత నీళ్లో ఎంత యూరియానో కంటితో చెప్పలేం.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. గడ్డకట్టిన యూరియా ఏదైనా తూచి, నీళ్లలో కరిగించి, అప్పుడే పోయాలి. లీటరుకి 5 గ్రాములు, అంతకి మించి వెయ్యను. నేల ముందే తడిగా ఉండాలి, సాయంత్రం పూట పోయాలి. యూరియా కరిగేటప్పుడు బకెట్ బయట చెయ్యి పెట్టి చూడండి, కుండలో నీళ్లలా చల్లబడిపోతుంది. నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది. ఇలా పోసిన బెండ, వంగ, కరివేపాకు బాగా వచ్చాయి. అడుగున తడిసి వాసన వచ్చిన భాగాన్ని మాత్రం మొక్కలకి వాడలేదు. ఎండుటాకులు, కొబ్బరి పొట్టు కుప్ప మీద పలచగా చల్లి తడిపాను, అక్కడ కుళ్లడానికి పనికొస్తుంది.

డీఏపీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అది మంచిదని చెప్పడం తప్ప. గడ్డలు చేత్తో నలిపితే విడిపోయాయి. భాస్వరం గాలిలోకి పోయేది కాదు. రాత్రి నానబెట్టి, పొద్దున పైతేట కూరగాయలకి పోసి, అడుగున మిగిలిన మడ్డి అరటి పాదులో వేస్తాను. సూపర్ సంచి పట్టుకుంటే చేతిలో చిరిగిపోయింది, అందులో ఉండే ఆమ్లం గోనెని తినేస్తుంది. సరుకు మాత్రం బాగానే ఉంది. ఒకసారి పొద్దున్నే పని తేలికవుతుందని సూపరూ యూరియా ముందు రోజు రాత్రే కలిపి బేసిన్‌లో ఉంచాను. తెల్లారేసరికి నీరు వదిలి గంజిలా అయింది. అవి రెండూ కలిపితే ఎప్పటికప్పుడు వేసేయాల్సిందే.

వేప పిండి బూజు పట్టి, పురుగు తిరిగి, వాసన పూర్తిగా పోయింది. కుప్పలో కలిపేశాను. ఒక జీవన ఎరువు పాకెట్ కూడా దొరికింది. అందులో ఉండేది బతికున్న సూక్ష్మజీవులు, పొడి రూపంలో ఉన్నదాని గడువే ఆరు నెలలు. దాన్ని దాచి లాభం లేదు.

పొటాష్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదన్నాను. కొబ్బరికీ అరటికీ అది అక్షరాలా నిజం. డాబా మీద కుండీల్లో అలా జరగలేదు. గులాబీకీ బంతికీ అర చెంచా చొప్పున నెలకోసారి వేస్తే, మూడో నెలకి ఆకుల కొసలు ఎండాయి. కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంది. పొటాష్‌తో పాటు క్లోరైడ్ కూడా వస్తుంది. నేలలో అయితే వాన నీటికి కిందికి దిగిపోతుంది, కుండీలో ఎక్కడికీ పోదు. దానికి తోడు ఎండాకాలం మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. కాబట్టి ఆ తప్పు పాతదనానిది కాదు, కొత్త పొటాష్ అయినా ఇలాగే చేసేది. అయినా కుండీలవాళ్లకి మాత్రం ఈ బస్తాని మెచ్చుకుని ఇవ్వలేను.

కొబ్బరికి వేసింది కాయలో కనపడాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. మా చెట్లకి మూడో ఏడు నుంచి పిందె రాలడం తగ్గింది. దింపు తీసే అతను, "అమ్మగారూ, ఈసారి గెల నిండుగా ఉందండి" అన్నాడు. అదే సమయంలో పాదులు బాగుచేయించాం, బోదెలు తవ్వి కాలవ నీరు పెట్టాం. అందుకని గొప్పంతా పొటాష్‌దే అనను. మాది కాలవ కింద ఒండ్రు నేల, వాన బాగా పడుతుంది, పొరపాటున ఎక్కువ వేసినా నీళ్లు పోసి సర్దుకునే వీలుంది. అది లేనిచోట పాత యూరియా విషయంలో నాకున్నంత ధైర్యం చెయ్యమని చెప్పను. ఎవరైనా పాత బస్తా డబ్బుకి అమ్ముతానంటే కూడా కొనను, ఎక్కడ ఎలా పెట్టారో మనకి తెలియదు. మన కొట్టులోదైతే, పొడిగా ఉంటే, వాడుకుంటాను.

యూరియా ఇంకా పావు బస్తా ఉంది. మూత బిగిసే డ్రమ్ములో పోసి, రెండు చెక్కల మీద పెట్టి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాశాను. చూడటానికి ఉప్పులా ఉంటుంది, పశువు నాకితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దూడని ఆ గది వైపు కట్టడం మానేశాం. మల్లె పడమటి సగం ఏటా పూస్తోంది. తూర్పు వైపు మొదలు దగ్గర ఈ వేసవిలో రెండు చిగుళ్లు వేసింది, అత్తయ్యగారు వాటి చుట్టూ పుల్లలు గుచ్చి తాడు కట్టారు.