భుజం జారాక వ్యాయామం: ఇంట్లో మేలా, ఫిజియోథెరపిస్టు ఎదుట మేలా?

జారిన భుజాన్ని డాక్టరు మళ్లీ గూట్లో కూర్చోబెట్టి, ఎక్స్‌రే చూసి, స్లింగ్ వేసి పంపించాక, వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లి ఫిజియోథెరపిస్టు ఎదుట వ్యాయామం చేయాలా, ఒక్కసారి నేర్చుకొని వచ్చి ఇంట్లోనే చేసుకోవాలా అన్నది ఇచ్ఛాపురం, సోంపేట వారికి చిన్న ప్రశ్న కాదు. ఇచ్ఛాపురం నుంచి రానూపోనూ 200 కిలోమీటర్ల పైమాటే.

బ్రిటన్‌లో 482 మందిపై జరిగి 2024లో వెలువడిన ‘ఆర్టిసాన్’ అధ్యయనంలో, ఒక్కసారి సలహా ఇచ్చి ఇంట్లో చేసుకోమన్నవారికీ, ఆపైన విడిగా ఫిజియోథెరపీ కూడా అందినవారికీ ఆరు నెలల తరువాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బస్సు చార్జీలు మిగిలాయని సంతోషించే ముందు, వారి సగటు వయసు 45 ఏళ్లని గమనించాలి. డెన్మార్క్‌లో 18 నుంచి 39 ఏళ్ల లోపు 56 మందితో చేసి 2020లో ప్రచురించిన మరో అధ్యయనంలో మాత్రం, 12 వారాలు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారి భుజం ఇంట్లో చేసుకున్నవారి కంటే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. రెండోది చిన్న అధ్యయనమే అయినా, భుజం పదేపదే జారే బెడద కుర్రవాళ్లకే ఎక్కువ కనుక దానిని తోసిపుచ్చలేము.

ఇంటి వ్యాయామానికి ఖర్చు లేదు. ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడానికి ఒక బల్ల, పిడికిలితో నొక్కడానికి ఒక గోడ, తరువాత ఒక రబ్బరు పట్టీ చాలు. చిక్కంతా పట్టీ లాగేటప్పుడే వస్తుంది. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టుకొని ముంజేతిని బయటికి తిప్పమంటే, చాలామంది మోచేతిని ఎత్తేసి తువ్వాలు జారవిడుస్తారు, లేదా నడుము తిప్పి చేయి తిప్పామనుకుంటారు. ఈ తప్పు ఎదుటివారికి కనిపించినట్టు మనకు కనిపించదు. అద్దమో, ఇంట్లో మరొక మనిషో ఉంటే కొంత నయం.

నలభై దాటి, బరువు పని లేనివారికి ఇంటి దారే మేలని నా అభిప్రాయం. కొండవెలగాడలో బరువులెత్తే కుర్రాడికైనా, కబడ్డీ ఆడేవాడికైనా, కళింగపట్నం వైపు వల విసిరేవాడికైనా ప్రయాణం తప్పదు. చేయి పక్కకు లేచి వెనక్కి తిరిగే భంగిమలోనే కీలు ముందుకు జారుతుంది, వారి పనిలో అది తరచూ వస్తుంది. తొలి ఆరు వారాలు ఆ భంగిమ ఎవరికైనా వద్దు.

రెండు వారాలు గడిచినా చేయి పైకి లేవకపోతే, ముఖ్యంగా నలభై దాటినవారిలో, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు తెగి ఉండవచ్చు కనుక, వ్యాయామం ఎక్కడ చేయాలన్నది పక్కనపెట్టి ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించాలి.